రెండు శ్రావణాల ఇద్దత్

మా చెల్లెలి భర్త బక్రీదు వెళ్ళిన వారానికి పోయాడు. మలికిపురం, రాజోలు మధ్య ఆటో నడిపేవాడు. ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, గుండెల్లో బరువుగా ఉందంటూ గోడకు చేరబడ్డాడు. మళ్ళీ లేవలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో మిగిలింది మా చెల్లెలు, ఆమె అత్తగారు, ఇద్దరే.

మాలో భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. ఆ గడువు తీరేదాకా మళ్ళీ పెళ్ళి మాట ఉండదు. నగలూ అలంకారాలూ ఉండవు. భర్త ఇంట్లోనే ఉండాలి. గడువు ఖురానులో ఉన్నదే. దానికి మా ఊళ్ళలో ఎవరు ఎప్పుడు చేర్చారో తెలియదు గాని, గుమ్మం దాటకూడదని, వీధి తలుపు వైపు కూర్చోకూడదని ఇంకా కొన్ని ఉన్నాయి. చిన్నతనం నుంచి చూసింది అదే కాబట్టి అంతా ఒకటే అనుకుంటూ వచ్చాను.

చెల్లెలు అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు వండిపెట్టడం, మూతులు కడగడం, నిద్రపుచ్చడం ఆమె పని. పదో తరగతి పాసైతే టీచరు పోస్టుకు అర్హత వస్తుంది. అక్కడి టీచరమ్మగారు రిటైరవబోతున్నారు. ఆవిడే పట్టుబట్టి, ఇంటి దగ్గర చదువుకుని రాసే పదో తరగతికి చెల్లెలి చేత దరఖాస్తు పెట్టించారు. భర్త ఉన్నప్పుడు ఆ చదువు ఇంట్లో ఒక వేడుకగా ఉండేది. అన్నం తింటూ అతను పుస్తకం తిరగేసి ప్రశ్నలు అడిగేవాడట. అతను పోయాక అదే చదువు ఇద్దరు ఆడవాళ్ళకు అన్నం పెట్టాల్సిన చదువైంది. ఆయా పనికి చెల్లెలి బదులు పక్కింటావిడ వెళ్తోంది. అది ఎన్నాళ్ళో సాగేది కాదు.

నా సంగతి కొంత చెప్పాలి. మా ఇళ్ళల్లో మాట తెలుగే. ఉర్దూ నాకు రాదు. అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, అర్థం తెలుగు పుస్తకాల్లో వెతుక్కుంటాను. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. మలికిపురంలో కొబ్బరి కొట్టులో కాయల లెక్క చూస్తూ మిగతాది నాకు నేనే నేర్చుకున్నాను. ఏటా ఇవ్వాల్సిన జకాత్ దానం ఎంత అవుతుంది, ఆస్తిలో కూతురి వాటా ఎంత, రంజాను ఏ రోజు మొదలవ్వచ్చు, ఇలాంటివి మావాళ్ళు నన్ను అడుగుతారు. లెక్క సరిగ్గా కుదిరినప్పుడు నాకు నమాజు తర్వాత కలిగే నిమ్మళం లాంటిది కలుగుతుంది. విద్య వెతకడం ప్రతి ముస్లిం మీద విధి అని చిన్నప్పటి నుంచి విన్నాను. నేను చేసేదీ అదేనని నాకు ఒక నమ్మకం.

దసరా ముందు ఒక సాయంత్రం టీచరమ్మగారు పరీక్షల తేదీలు పట్టుకుని వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. మొత్తం ఆరు పరీక్షలు, రాజోలు హైస్కూల్లో. నాలుగు దీపావళికి ముందు, రెండు తర్వాత.

చెల్లెలి అత్తగారు లోపలి నుంచి టీ గ్లాసులు తెచ్చి, తేదీలు విని, తల అడ్డంగా ఊపారు. నేనూ ఆవిడను అత్తయ్యగారనే పిలుస్తాను.

"కుదరదండీ టీచరుగారూ. కార్తీకం చివరి దాకా ఇద్దత్ ఉంది."

"కార్తీకం చివరేంటండీ? నాలుగు నెలలే అన్నారు కదా," అన్నారు టీచరమ్మగారు.

"నాలుగు నెలలే. ఆషాఢంలో పోయేడా? శ్రావణానికి ఒకటి, భాద్రపదానికి రెండు, ఆశ్వయుజానికి మూడు, కార్తీకానికి నాలుగు. పైన పది రోజులు." ఆవిడ వేళ్ళు మడిచి చూపించారు.

నాకు అక్కడ లెక్క తప్పినట్టు తోచింది. "ఈ ఏడాది శ్రావణాలు రెండొచ్చేయి కదండీ," అన్నాను.

"వస్తే? అధికం లెక్కలోకి రాదు. టీచరుగారినే అడుగు. వరలక్ష్మీ వ్రతం అధికంలో చేసుకున్నారాండీ మీరు?"

"లేదండీ, నిజ శ్రావణంలోనే చేసుకున్నాం," అన్నారు ఆవిడ ఇబ్బందిగా నవ్వుతూ. "నన్ను మధ్యలోకి లాగకండి బాబూ. టీ తాగి వెళ్ళిపోతాను."

"అందుకే కదా మీరు వచ్చేది," అన్నారు అత్తయ్యగారు. ఆ ఇంట్లో ఎవరైనా హాస్యమాడి అప్పటికి చాలా రోజులైంది.

అత్తయ్యగారి లెక్కలో తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. మా పల్లెల్లో గోడ మీద ఉండేది తెలుగు క్యాలెండరే. ఊడ్పులూ కోతలూ పక్కింటి వ్రతాలూ అన్నీ తెలుగు నెలల్లోనే నడుస్తాయి. మా నెలల్లో పీర్ల నెల, రంజాను నెల, బక్రీదు నెల, ఇంతవరకే ఆవిడకు పేర్లు తెలుసు. తెలుగు నెలా చంద్రుణ్ణి బట్టే నడుస్తుంది, మాదీ చంద్రుణ్ణి బట్టే. అందుకని మామూలు ఏడాదిలో ఆవిడ లెక్కకు పెద్ద తేడా రాదు. కానీ రెండున్నరేళ్ళకో మూడేళ్ళకో తెలుగువారి లెక్కలో ఒక నెల ఒకే పేరుతో రెండుసార్లు వస్తుంది. మాకు అలా చేర్చుకునే నెల లేదు. నెలలు పన్నెండే అని ఖురానులో ఉంది. చంద్రుడు ఒకసారి తిరిగితే నెల గడిచినట్టే.

మర్నాడు మసీదులో ఇమాం గారిని అడిగాను. ఆయన చిన్నవాడు, మా వైపు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. "నెల మధ్యలో పోయేరు గనక రోజుల్లోనే కట్టాలండీ. నూట ముప్పై రోజులు," అన్నాడు. కట్టి చూశాను. దీపావళి నాటికి తీరుతుంది.

అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "నాలుగు నెలల పది రోజులని అల్లా చెప్పేడు గాని నూట ముప్పై అని చెప్పేడా? ఆ ఇమాం గారు కుర్రాడు బాబూ. నా కొడుక్కి దక్కాల్సిన రోజుల్లో ఒక్కటి తగ్గినా రేపు నేను జవాబు చెప్పుకోవాలి."

కొడుకు పోయిన తల్లితో నేను అంకెలతో వాదించలేకపోయాను. వేరేలా అడిగాను.

"అత్తయ్యగారూ, ప్రతి నెలా నెలవంక చూసి దువా చేస్తారు కదా మీరు. మీ అబ్బాయి పోయేక ఎన్ని చూసేరు?"

ఆవిడ ఆలోచించారు. "పీర్ల నెలది మొదటిరోజు మబ్బుల్లో దొరకలేదు, మర్నాడు చూసేను. తర్వాతది పెరట్లో బట్టలు తీస్తూ చూసేను. మూడోది వినాయకచవితికి ముందు. మొన్న ఒకటి, కొబ్బరాకుల సందులోంచి." అని ఆగిపోయారు. మడిచిన నాలుగు వేళ్ళనూ చూసుకున్నారు. ఇంకా ఆశ్వయుజమే నడుస్తోంది. నెలల పేర్లతో లెక్కపెడితే మూడే వచ్చాయి, ఆవిడ కళ్ళు చూసినవి నాలుగు.

"ఒక చంద్రుణ్ణి మింగేసేను," అన్నారు నెమ్మదిగా.

నేను సంతోషపడ్డాను. నా పని అయిందనుకున్నాను కూడా. గడపకు అవతల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చెల్లెలు మాత్రం కదల్లేదు.

"అయితే రెండు పరీక్షలు రాయొచ్చు," అంది.

"ఆయ్, రెండు రాయొచ్చు."

"ఆరూ రాస్తేనే కదా అన్నయ్యా పాసయ్యేది."

లెక్క సరైనదే, దానితో ఆమెకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచి కట్టినా ఆ నాలుగు పరీక్షలు గడువుకు ఇవతలే ఉంటాయి.

చెల్లెలు కాసేపటికి అంది: "ఎప్పుడు అయిపోద్దో అని అందరం అడిగేం. అయ్యేలోగా ఏం చెయ్యకూడదో, ఏం చెయ్యొచ్చో ఎవరన్నా అడిగేరా?"

"అది అడిగేదేంటే," అన్నారు అత్తయ్యగారు. "బయటికి వెళ్ళకూడదు. అంతే. అందరికీ తెలిసిందే."

"ఎక్కడుంది అత్తయ్యా అది?"

"ఎక్కడుంటే ఏంటి? మా అత్త చెప్పింది, నేను చేసేను. అడిగేకొద్దీ మెలికలు పడతాయి. ఊరుకో."

ప్రశ్న అడిగితే విశ్వాసానికి చిల్లు పడుతుందని భయపడే ఇళ్ళల్లో మేం పెరిగాం. వాటాల గురించి, గడువుల గురించి నన్ను అడిగేవారు గాని, అవి అంకెలు. అంకెల మీద ఎవరికీ కోపం రాదు. ఇది ఎందుకు, ఇది నిజంగా ఉందా అని అడిగినవాణ్ణి మాత్రం తేడాగా చూసేవారు. నేనూ అంకెల దగ్గరే ఆగిపోయేవాణ్ణి. ఆ సాయంత్రం చెల్లెలు అడిగింది సిసలైన ప్రశ్న అని నాకు తెలిసింది. దాన్ని తీసుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలో మాత్రం వెంటనే తోచలేదు.

మళ్ళీ ఇమాం గారి దగ్గరికే వెళ్ళాను. విని, కాసేపు గడ్డం నిమురుకుని, "నేను చదివినంతలో పగటిపూట అవసరానికి వెళ్ళొచ్చని గుర్తండీ. కానీ పరీక్ష అవసరమో కాదో నేను చెప్పలేను. చెప్పి తప్పు చెయ్యలేను. మా ఉస్తాదు గారిని అడుగుదాం," అన్నాడు. ఉస్తాదు అంటే ఆయనకు చదువు చెప్పిన గురువు. రాజమండ్రిలో ఉంటారు. "ఫోను మీ చెల్లెలుగారి ఇంట్లోనే చేద్దాం. అడగాల్సినావిడ వినాలి కదా."

శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత వచ్చాడు. వసారాలో కుర్చీ వేశాం. చెల్లెలూ అత్తయ్యగారూ గుమ్మానికి కట్టిన పరదా వెనక కూర్చున్నారు. ఫోను స్పీకరు పెట్టి స్టూలు మీద ఉంచాడు. ఉస్తాదు గారిది పెద్ద వయసు గొంతు. తెలుగు మా వైపు తెలుగే.

ముందు ఆయనే అడగడం మొదలుపెట్టారు. ఇల్లు ఎలా గడుస్తోంది? కొడుకులున్నారా? మగదిక్కు ఎవరు? పరీక్ష రాయకపోతే ఏమవుతుంది? మళ్ళీ ఎప్పుడు వస్తుంది? అప్పటిదాకా ఆ ఉద్యోగం ఖాళీగా ఉంటుందా? రాజోలు ఎంత దూరం? చీకటి పడేలోగా ఇల్లు చేరగలదా? నేను ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాను. ఒక దగ్గర తడబడితే పరదా వెనక నుంచి చెల్లెలే చెప్పింది. ఆయన ఆపి, "ఆ అమ్మాయినే చెప్పనివ్వండి," అన్నారు.

ఆమె అన్నీ చెప్పింది. తర్వాత ఆయన గొంతు.

"వెళ్ళు తల్లీ. బతుకుతెరువు కోసం పగలు బయటికి వెళ్ళడానికి భర్త పోయినావిడకి అనుమతి ఉంది. సాదాగా వెళ్ళు, పని చూసుకుని వచ్చెయ్. రాత్రి మాత్రం ఆ ఇంట్లోనే ఉండాలి. ఆయా పనికి కూడా వెళ్ళి ఉండొచ్చు నువ్వు. ఎవరూ అడగలేదేం ఇన్నాళ్ళూ?"

చెల్లెలు ఏడుస్తోందని పరదా కదలడాన్ని బట్టి తెలిసింది. ఇమాం గారు సలాం చెప్పి ఫోను తీయబోతుంటే అత్తయ్యగారి గొంతు వినిపించింది.

"ఆగండి బాబూ. నేనొకటి అడగాలి."

"అడగండమ్మా," అన్నారు ఉస్తాదు గారు.

"ఇది ఈమధ్య వచ్చిందాండీ? అంటే, ముప్పై ఐదేళ్ళ కిందట కూడా ఇలాగే ఉండేదా?"

"మొదటి నుంచీ ఇలాగే ఉందమ్మా. ప్రవక్త గారి కాలం నుంచీ."

వసారాలో మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"మా ఆయన పోయినప్పుడు నాకు పాతికేళ్ళు," అన్నారు ఆవిడ. "ఇద్దత్‌లో ఉన్నాను. మా అమ్మది ఈ వీధే, నాలుగిళ్ళ అవతల. జ్వరం తగిలింది. ఒకసారి రమ్మని కబురు చేసింది. రెండుసార్లు చేసింది. నేను వెళ్ళలేదు. వెళ్తే పాపమన్నారు. పట్టపగలే పోయిందండి. జనాజా మా గుమ్మం ముందు నుంచే వెళ్ళింది. కిటికీ రెక్క వారగా తీసి చూసేను."

ఆవిడే మళ్ళీ అడిగారు.

"వెళ్ళొచ్చా అయితే?"

"వెళ్ళొచ్చమ్మా," అన్నారు ఆయన. ఆ మాట అనడం ఆయనకు కష్టంగా ఉందని గొంతులో తెలుస్తోంది. "మీకు తెలియదు. అల్లా దగ్గర పాపమవుతుందని భయపడి ఆగిపోయారు. ఆ భయం వృథా పోదు. మీ మీద తప్పు లేదు."

"నా మీద లేదు సరేనండి. చెప్పాల్సినోళ్ళు ఎవరూ లేకపోయేరా అప్పుడు?"

"ఉండే ఉంటారమ్మా. మేం మీ గుమ్మం దాకా రాలేదు," అన్నారు ఆయన.

ఫోను పెట్టేశాక ఇమాం గారు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నేను వసారాలోనే కూర్చున్నాను. ధర్మం తెలుసుకుంటే మనసు తేలికపడుతుందని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఒకే గుమ్మం వెనక, ఒకే జవాబు విని, ఒకరికి దారి తెరుచుకుంది, ఒకరికి ముప్పై ఐదేళ్ళ నాటి కిటికీ మళ్ళీ తెరుచుకుంది. దీన్ని ఎలా కూడాలో, దేన్ని దేనిలోంచి తీయాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. అడక్కుండా ఉంటే బాగుండేదా అని ఆ రోజు ఒక క్షణం అనిపించింది. అప్పుడే లోపల అత్తయ్యగారు కోడల్ని కసురుకోవడం వినిపించింది.

"ఏడ్చింది చాలు. లైటేసుకుని చదువుకో. ఆరూ రాయాలి."

మొదటి పరీక్ష రోజు ఆటో గుమ్మంలోకి వచ్చేసరికి చెల్లెలు రంగు వెలిసిన చీర మీద బురఖా వేసుకుని తయారుగా ఉంది. వెనకే అత్తయ్యగారు, చేతిలో అన్నం క్యారియరుతో.

"మీరెందుకండీ?" అన్నాను.

"నాకు ఇద్దత్ లేదు కదా బాబూ," అన్నారు. "వీధిలో ఎవరన్నా ఏదన్నా అంటే జవాబు చెప్పడానికి ఒకరుండాలి. నువ్వు లెక్కలు చెప్తావు. వాళ్ళకి అర్థం కాదు."

వీధి చివర ఒకావిడ అననే అంది, ఇద్దత్ తీరిపోయిందా వదినా అని. ఆటో ఆపించి మరీ చెప్పారు అత్తయ్యగారు. "తీరలేదు. పగలు పని మీద వెళ్ళొచ్చంట, రాజమండ్రి ఉస్తాదు గారు చెప్పేరు. నీకు తెలుసా? నాకూ తెలీదు."

రాజోలు హైస్కూల్లో చెల్లెలు లోపలికి వెళ్ళాక మేమిద్దరం ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. అత్తయ్యగారు తసబీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నారు. ఆ తర్వాత అడిగారు.

"నమాజులో మొదట చదువుతాం చూడు, ఏడు ముక్కలు. వాటి అర్థం నీకు తెలుసా?"

"పుస్తకంలో చదివినంత తెలుసండీ."

"చెప్పు."

ఒక్కో వాక్యం చెప్పుకుంటూ వచ్చాను. సర్వలోకాలనూ పోషించేవాడికి స్తుతి. అపారమైన దయ గలవాడు. తీర్పు దినానికి యజమాని. నిన్నే ఆరాధిస్తాం, సాయం నిన్నే అడుగుతాం. మాకు సరైన దారి చూపించు.

"ఆగు," అన్నారు ఆవిడ. "అది మళ్ళీ చెప్పు."

"మాకు సరైన దారి చూపించు."

"రోజూ అదేనా నేను అడుగుతోంది?"

"ఆయ్. ప్రతి నమాజులోనూ, ప్రతి రకాతులోనూ."

ఆవిడ తసబీ ఒళ్ళో పెట్టేసుకున్నారు. బుద్ధి తెలిసిన దగ్గర నుంచి ఆ మాటలు నోటికి వచ్చు. అర్థం వినడం అదే మొదటిసారి. మొహంలో నేను ఊహించిన సంతోషం కనిపించలేదు. ఎంతో కాలంగా ఎదురింట్లో ఉన్న మనిషితో మొదటిసారి మాట్లాడినట్టు, కొంచెం బెరుగ్గా ఉంది.

తర్వాత వరసగా అడిగారు. నమాజులో కూర్చుని చదివే అత్తహియ్యాత్ అంటే ఏంటి? చనిపోయినవాళ్ళకి మన దువా ఎలా చేరుతుంది? ఆడవాళ్ళకి తెలుగులో చెప్పే చోటు ఎక్కడన్నా ఉందా? కొన్నింటికి నాకు తెలిసింది చెప్పాను. కొన్నింటికి తెలియదన్నాను. ఎండ బల్ల కిందికి వచ్చింది. టీకొట్టతను మా గ్లాసులు రెండుసార్లు తీసుకెళ్ళాడు.

చివరికి, బడి గేటు వైపే చూస్తూ అన్నారు: "పిలిచినప్పుడు నేను వెళ్ళలేదు కదా. ఇప్పుడు మా అమ్మ కోసం ఏం చెయ్యొచ్చంటావు?"

దానం గురించీ దువా గురించీ పుస్తకాల్లో చదివినవి నోటి దాకా వచ్చాయి. ఆవిడ అడుగుతున్నది అంతకంటే ఇంకేదో అనిపించి చెప్పలేదు.

"నాకు సరిగ్గా తెలీదండీ. ఉస్తాదు గారిని అడుగుతాను."

"నువ్వు కాదు," అన్నారు ఆవిడ. "నెంబరు కలిపియ్యి. నేనే అడుగుతాను."

ఫోను తీసి కలిపి ఆవిడ చేతికి ఇచ్చాను. లోపల గంట కొట్టారు. పిల్లలు గేటులోంచి గుంపుగా బయటికి వస్తున్నారు, వాళ్ళ వెనక చెల్లెలు మా కోసం అటూ ఇటూ వెతుక్కుంటోంది. అత్తయ్యగారు ఒక చెవి మూసుకుని, ఫోను రెండో చెవికి ఆనించి, "అస్సలాము అలైకుం అండీ, నేనండీ, మొన్న అడిగేనే, ఆవిణ్ణి," అంటున్నారు. చెల్లెల్ని ఇటు రమ్మని నేను చెయ్యి ఊపాను.